అమ్మమ్మ తిరగలికి కక్కు కొట్టించాలి, హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా?

కూకట్‌పల్లి_కోడలు: ఊరి నుంచి అమ్మమ్మ తిరగలి తెచ్చుకున్నాం. రాయి అరిగి నున్నగా అయిపోయింది. రాగులు పోస్తే పిండి కావడం లేదు, నలిగి బయటికొస్తున్నాయి. కక్కు కొట్టి, అంటే ఉలితో రాయిని మళ్లీ గరుకు చేసి ఇచ్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? కొట్టించాక మొదట ఏం విసరాలి? పిడి కూడా వదులైంది.

జొన్నరొట్టె: అక్కా, తిరగలి వదలకండి. మా వీధి గిర్నీలో జొన్నలు పట్టిస్తే పిండి చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తుంది. రొట్టె తట్టబోతే అంచులు చీలిపోతాయి. ఇంట్లో విసిరిన పిండితో అదే రొట్టె చేటంత వస్తుంది.

పిండిమర_తణుకు: గిర్నీని తిట్టే ముందు రాయి సంగతి తెలుసుకోండి. నాన్న కాలం నుంచి మాది పిండిమరే. రాయి మొద్దుబారితే గింజను కోయదు, రుద్దుతుంది. పిండి కాలిపోయేది అందుకే. రాయి మీద చెక్కే గాళ్లు (గీతల్లాంటి కాలువలు) మధ్య నుంచి అంచుకు పోవాలి, అంచు దగ్గర లోతు తగ్గాలి. తిరగలికైనా అంతే.

ఉలి_సుత్తి: తిరగలికి గాళ్లేంటి సార్? మా ఇంట్లో అందరూ రాయి పనివాళ్లే. చేత్తో తిప్పే రాయికి ఉలితో చిన్న చిన్న గుంటలు దగ్గరదగ్గరగా పెడితే చాలు. లోతుగా గీస్తే గింజ అందులో ఇరుక్కుంటుంది.

పిండిమర_తణుకు: గుంటల్లోంచి పిండి బయటికెలా వస్తుంది?

ఉలి_సుత్తి: పై రాయి తిరిగే ఊపుకి అదే అంచుకు వస్తుంది. మీ మర నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది, దానికి గాలి ఆడాలి. మీ లెక్క మీ మరకు పెట్టుకోండి.

పిండిమర_తణుకు: చదివినవాళ్లకి చెప్పొచ్చు గానీ...

బళ్ళారి_తెలుగు: ఆ మాట వెనక్కి తీసుకోండి. ఉలి పట్టే చేతికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

పల్నాడు_పెద్దమ్మ: గొడవ ఆపండి నాయనా. కక్కు కొట్టించాక రాళ్లు కడిగి ఆరబెట్టి, ముందు తవుడో నూకలో రెండు మూడు వాయిలు విసిరి పారేయండి. అది తినకూడదు, ఇసుక ఉంటుంది. పిండి వేళ్ల మధ్య నలిపి చూడండి, కరకరమంటే ఇంకో వాయి వేయండి. రవ్వ కావాలంటే నడిమి మేకుకి గుడ్డ పీలిక చుట్టండి, పై రాయి కాస్త లేస్తుంది. పిడి ఊడదీసి కొత్త కర్ర దిగ్గొట్టండి.

సజ్జ_సంకటి: సజ్జలు మాత్రం వారానికి సరిపడా కూడా విసరకండి. పిండి చేదెక్కిపోతుంది. దుకాణంలో ప్యాకెట్ కొన్నప్పుడల్లా నాకదే టెన్షన్.

జొన్నరొట్టె: మరి కందులు? మా జహీరాబాద్ వైపు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి విసురుతాం. పొట్టు సులువుగా ఊడుతుంది.

పల్నాడు_పెద్దమ్మ: మట్టి ఎందుకమ్మా? ఆముదం రాసి ఎండబెడితే సరిపోతుంది. బద్ద విరగదు, పురుగూ పట్టదు.

జొన్నరొట్టె: మట్టి పట్టించిన పప్పుకి ఉండే రుచి ఆముదానికి రాదు పెద్దమ్మా. ఉడికేటప్పుడే వాసన చెబుతుంది.

ఉలి_సుత్తి: కూకట్‌పల్లి అక్కా, రాయి ఫొటో పెట్టండి. పై రాయి నోటి దగ్గర పగులు ఉంటే ఎవరు చెప్పినా కక్కు కొట్టించొద్దు, దెబ్బకి రెండు ముక్కలవుతుంది.