ఆయాకు చీర పెట్టాలా, డబ్బు ఇవ్వాలా?

సీతమ్మధార_కోడలు: అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లు. పగలు చూసుకునే ఆయా నెలాఖరుకు మానేస్తోంది. చీర పెట్టాలా, డబ్బు ఇవ్వాలా? కొత్త మనిషికి జీతం ఎంత ఉంటుంది? ఈవిడ ఎంత మంచిదంటే, తన టీ గ్లాసు తానే కడిగి కిటికీలో బోర్లించుకునేది.

గాజువాక_54: కిటికీలో ఎందుకు? మీ గ్లాసుల పక్కన చోటు లేదా?

సీతమ్మధార_కోడలు: అది ఆవిడ అలవాటు. నేను పెట్టమనలేదు.

గాజువాక_54: వద్దనీ అనలేదు కదా. అత్తగారి నోట్లో ముద్ద పెట్టే చేయి పనికొచ్చింది, ఆ చేయి పట్టుకున్న గ్లాసు పనికిరాలేదా?

ఎంవీపీ_తాతగారు: ఇందులో తప్పేమిటి? మా ఇంట్లో ఎవరి గ్లాసు వారిదే.

గాజువాక_54: మీ గ్లాసూ కిటికీలోనే ఉంటుందా తాతగారూ?

రిటైర్డ్_సిస్టర్: 31 ఏళ్లు వార్డుల్లో చేసినదాన్ని, ముందు నా మాట వినండి. రెండేళ్లు మంచంలో ఉన్నా వీపున పుండు పడలేదంటే అది ఎయిర్ బెడ్డు గొప్ప కాదు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పిన మనిషిది.

మర్రిపాలెం_బాబాయ్: పక్షవాతంతో మంచం పట్టినవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. సచివాలయంలో అడిగారా?

అరిలోవ_ఆయా: నేనూ ఈ పనే చేస్తాను. పన్నెండు గంటల డ్యూటీ, జీతంలో ఏజెన్సీ కోత, ఆపైన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడటం. చీరలు ఇంట్లో బోలెడు ఉన్నాయి, డబ్బే ఇవ్వండి. ఒక ఇంట్లో పెద్దాయనకు మాట పడిపోయింది. నేను బయలుదేరేటప్పుడు ఎడమచేత్తో దుప్పటి మీద రెండుసార్లు తట్టేవారు, వెళ్లి రమ్మని. ఆ ఇల్లు మానేసేటప్పుడు చాలా ఏడ్చాను.

పెందుర్తి_చిన్నకోడలు: మీకు జీతమైనా ఉంది. నాకు నాలుగేళ్లుగా అదీ లేదు. ఆడపడుచు ఆదివారం యాపిల్స్ తెచ్చి, "అమ్మ చిక్కిపోయిందే" అని నా వైపు చూసి వెళ్లిపోతుంది. బావగారు అమెరికా నుంచి వీడియోలో చూసి గోళ్లు పెరిగాయంటారు.

నేనూ_ఆడపడుచునే: అందరినీ ఒకే గాటన కట్టకండి. రెండు బస్సులు మారి వస్తాను. వస్తే చుట్టపుచూపు అంటారు, రాకపోతే పట్టదంటారు.

పెందుర్తి_చిన్నకోడలు: ఆ యాపిల్ తొక్క తీసి, ఉడికించి, మెదిపి పెట్టేది ఎవరండీ?

రిటైర్డ్_సిస్టర్: ముక్కు ట్యూబు ఉంటే వడకట్టకుండా పోయకండి, మూసుకుపోతుంది.

గాజువాక_54: గ్లాసు సంగతి తేలలేదు.

సీతమ్మధార_కోడలు: అడిగింది చీర గురించి, మీరు పట్టుకున్నది గ్లాసు! సరే, ఇవాళ మా గ్లాసుల స్టాండులో పెట్టాను. ఆవిడ మళ్లీ తీసి కిటికీలో పెట్టుకుంది. ఇప్పుడేం చేయమంటారు?

మర్రిపాలెం_బాబాయ్: మా ఇంట్లో ఎయిర్ బెడ్డు ఖాళీగా ఉంది. మోటారు బాగానే ఉంది. కావలసినవారు వచ్చి తీసుకువెళ్లండి.

పెందుర్తి_చిన్నకోడలు: నాకు కావాలి బాబాయ్ గారూ. ఆదివారం వస్తాను, ఆడపడుచును కూర్చోబెట్టి.