డెకాల్ కింద తెల్లటి మెరుపు, రెక్క మీద మబ్బు: 1:72 మిగ్-21 విషయంలో ఒక సందేహం

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నేను కాకినాడ వాసిని. ప్లాస్టిక్ విమాన నమూనాల తయారీ మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈసారి 1:72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు కొలతతో, మిగ్-21 ఎఫ్‌ఎల్ యుద్ధవిమానం కిట్టు తీసుకొని, 1971 యుద్ధకాలంలో మన వైమానిక దళం వెండిలా మెరిసే ఈ విమానాలకు ఆకుపచ్చ పూసి మరుగుపరచిన తీరులో పూర్తి చేద్దామనుకున్నాను. మ్యాట్ (మెరుపులేని) ముదురు ఆకుపచ్చ రంగు, గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో చక్కగా కుదిరింది. ఆ రాత్రే డెకాల్స్, అంటే నీళ్లలో తడిపి అతికించే పలచటి గుర్తుల పొరలు, అతికించాను. తడిగా ఉన్నంతసేపూ అవి రంగులో కలిసిపోయినట్టే కనిపించాయి గాని, తెల్లవారి చూస్తే రెక్కల మీది వైమానిక దళ గుర్తు వలయాల చుట్టూ, తోక మీది అంకెల మధ్యా చేప పొలుసు అంటుకున్నట్టు తెల్లటి మెరుపు వచ్చింది. మ్యాట్ వార్నిష్ కొడితే కప్పుకుపోతుందేమోనని ఎడమ రెక్క మీద లాకర్ (వేగంగా ఆరే ద్రావకం ఉన్న) వార్నిష్ స్ప్రే చేశాను. బయట ముసురు పట్టి ఉంది. పది నిమిషాల్లో రెక్క మొత్తం మబ్బు పట్టినట్టు తెల్లబడింది. దీన్ని బాగుచేసుకునే మార్గం ఉందా, లేక రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలా?

సమాధానం:

మొదలుపెట్టనక్కరలేదండీ. కుడి రెక్క, తోక మీద వార్నిష్ కొట్టకుండా ఆగారు కనుక సగం పని చెడకుండా మిగిలింది. మీకు వచ్చినవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు చిక్కులు కాబట్టి విడివిడిగా చూద్దాం.

ముందుగా ఆ మెరుపు సంగతి. లోపం డెకాల్‌లో లేదు, దాని కింద ఉంది. మ్యాట్ రంగు మన కంటికి నున్నగా కనిపిస్తుంది గాని దగ్గరగా చూస్తే సున్నం గోడలా గరుకు. ఆ గరుకు మీద పలచటి పొర పరిస్తే అది గుట్టల కొనలకే ఆని, గుంటల్లో గాలి నిలిచిపోతుంది. తడిగా ఉన్నప్పుడు ఆ గుంటల్లో నీరుంటుంది కనుక కనబడదు, నీరు ఆరి గాలి చేరగానే దాని మీద పడిన వెలుతురు వెనక్కి తిరిగి తెల్లగా మెరుస్తుంది. టేబుల్ లైటును పక్కవాటుగా పెట్టి విమానాన్ని కొద్దికొద్దిగా తిప్పి చూడండి. ఒక కోణంలో మెరిసి మరో కోణంలో మాయమైతే అది గాలే, అన్ని కోణాల్లోనూ తెల్లగానే ఉంటే కింద ఎండిపోయిన జిగురు మరక.

గాలి అయితే కుడి రెక్కకు ఇలా చేయండి. సన్నటి కుట్టుసూదితో మెరుపు ఉన్నచోటల్లా డెకాల్‌కు చిన్న చిన్న చిల్లులు పొడవండి. గీయకూడదు, నిలువుగా పొడవాలి. ఆపైన మైక్రోసాల్ వంటి మెత్తబరచే ద్రవాన్ని సన్న కుంచెతో ఒక్కసారి తడిపినట్టు రాసి, లేచి వెళ్లిపోండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అయిదు నిమిషాల్లో డెకాల్ ముడతలు పడి ఎండిన ఆకులా కనిపిస్తుంది, కంగారుపడి వేలితో సర్దబోయామా, చిరిగి చేతికొస్తుంది. నా మొదటి విమానం తోక మీది అంకెలు అలాగే పోయాయి. ముట్టుకోకుండా వదిలేస్తే ఆరే కొద్దీ అదే సర్దుకొని రంగుకు అతుక్కుంటుంది. గంట ఆగి చూడండి. మెరుపు మిగిలితే మళ్లీ పొడిచి మళ్లీ రాయండి, మొండి చోట్ల నేను నాలుగు విడతలు కూడా చేశాను. వంటింటి వెనిగర్‌ను నీళ్లలో కలిపి వాడేవారు ఉన్నారు. డెకాల్ అతికించేముందు ఉపరితలాన్ని తడపడానికి అది పనికొస్తుంది గాని, ఆరిపోయిన డెకాల్‌ను మెత్తబరచేంత బలం దానికి లేదు. మైక్రోసాల్‌ను కూడా పనికిరాని ముక్క మీది రంగుపై ముందు రాసి చూడండి, కొన్ని ఎక్రిలిక్ రంగులు దాన్ని తట్టుకోలేవు.

ఎడమ రెక్క విషయం వేరు. అక్కడ డెకాల్ మీద వార్నిష్ పొర మూతలా కూర్చుంది కనుక ద్రవం లోపలికి దిగదు. ముందు మబ్బు పోగొట్టి, అప్పుడు నిర్ణయించుకోండి.

మరో సమాధానం:

మబ్బు గురించి నేను చెబుతాను, విశాఖలో ఉంటూ ప్రతి వానాకాలమూ దీనితో తంటాలు పడేవాణ్ణి. లాకర్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లని నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టే, గాలిలోని తేమ ఆ చల్లటి పొర మీద చేరి లోపల చిక్కుకుంటుంది. వాన లేని రోజు, మధ్యాహ్నం వేళ, అదే లాకర్‌కు తగిన థిన్నర్‌లో కొంచెం రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపి, 15 పీఎస్‌ఐ దరిదాపు ఒత్తిడితో, దూరం నుంచి మంచు కురిసినంత పలచగా పట్టించండి. పైపొర కాస్త కరిగి తేమ బయటికి పోతుంది, తెలుపు తగ్గుతుంది. తడిసి కారేలా మాత్రం కొట్టవద్దు, కింద డెకాల్ ఉంది. ఏసీ గదిలో గంటసేపు తేమ తగ్గనిచ్చి, ఆ తరువాత అక్కడే స్ప్రే చేసేవారూ ఉన్నారు గాని, ఆ వాసన ఇంట్లో నిలుస్తుంది కనుక మాస్కు, బయటికి గాలి లాగే ఫ్యాను లేకుండా ఆ పని పెట్టుకోకండి.

మొదటి సమాధానమిచ్చినవారు:

మబ్బు విడిచాక కూడా ఎడమ వలయం కింద మెరుపు మిగిలితే, 1000 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి ఆ వలయాన్ని అరగదీసి, అంత మేర ఆకుపచ్చ మళ్లీ కొట్టడమే తేలిక. చాలా కిట్లలో రెండు విమానాలకు సరిపడా గుర్తులు ఇస్తారు కనుక షీటులో అదనపు వలయం ఉందేమో చూడండి.

ఈసారి అతికించేముందు తప్పక రెండు పనులు చేయండి. రంగు పూర్తిగా ఆరాక దాని మీద గ్లాస్ (నిగనిగలాడే) వార్నిష్ రెండు పలచటి పూతలు కొట్టి, ఈ కాలంలో కనీసం రెండు రోజులు ఆరనివ్వండి. డెకాల్స్ అన్నీ అయ్యాక మ్యాట్ వార్నిష్ కొడితే ఆ నిగనిగ ఎలాగూ పోతుంది. రెండవది, గుర్తు చుట్టూ ఉన్న రంగులేని అంచును కొత్త బ్లేడుతో వీలైనంత దగ్గరగా కత్తిరించండి. ఈ స్కేలులో ఒక్క మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు. ఏడు మీటర్ల పైచిలుకు రెక్కల విస్తారం మీ బల్ల మీద పది సెంటీమీటర్లే కనుక, వలయం చుట్టూ అంత అంచు వదిలేస్తే దూరం నుంచి కూడా కంటికి ఆనుతుంది.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. కుడి రెక్క మూడు విడతల్లో తేరుకుంది. రెండో విడతలో ముడతలు చూసి చెయ్యి ముందుకు పోయింది గాని, మీ మాట గుర్తొచ్చి టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఎడమ రెక్క మబ్బు విడిచింది గాని వలయం కింద మెరుపు పోలేదు. అరగదీసి రంగు వేశాను, గ్లాస్ వార్నిష్ ఆరుతోంది. ఇంకొక్క సందేహం: కాక్‌పిట్ గాజును సూపర్ గ్లూతో అతికించవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు:

వద్దండీ. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ లోపలి వైపు చేరి ఊదిన అద్దంలా మసకబారుస్తుంది, అది తుడిస్తే పోయేది కాదు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురును అగ్గిపుల్ల కొనతో అంచు వెంట సన్నగా రాసి, గాజును పెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. ఎక్కువై పక్కకు కారినది ఆరకముందే తడి దూదితో తుడిచేయండి.