నగరవాసిదా, పల్లెవాసిదా: ఎవరి కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎక్కువ? పన్ను ఎవరి మీద పడాలి?

పొలంగట్టు:
కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే మన వాడకం వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల మొత్తం. వస్తువు ఎక్కడ తయారైనా వాడినవాళ్ల ఖాతాలో వేసి, అంటే వినియోగం ప్రకారం, లెక్కేస్తే 2020లో ప్రపంచ ఉద్గారాల్లో నగరాల వాటా 67 నుంచి 72 శాతం అని ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2022 నివేదికలో ఉంది. అప్పటికి నగరాల్లో ఉన్నది జనాభాలో 56 శాతమే. తలసరిన చూస్తే నగరవాసి వాటా పల్లెవాసి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అలాంటప్పుడు పెట్రోలు, డీజిల్ మీద కార్బన్ పన్ను వేసి పల్లెవాళ్ల నుంచి కూడా అంతే వసూలు చేయడం ఏం న్యాయం? ఈ పన్ను నగరాలకే పరిమితం కావాలి. మీరేమంటారు?

రైలుబండి:
నేను ఒప్పుకోను. మీరు చెప్పింది ప్రపంచమంతా కలిపిన సగటు. అమెరికా సంగతి చూడండి. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్లీలో జోన్స్, కామెన్ అనే పరిశోధకులు 2014లో అక్కడి పిన్‌కోడ్‌లవారీగా ఇళ్ల ఫుట్‌ప్రింట్ లెక్కగట్టారు. పెద్ద నగరాల నడిబొడ్డున, జనసాంద్రత బాగా ఉన్నచోట ఇంటి ఫుట్‌ప్రింట్ తక్కువగా తేలింది. దేశంలోని ఇళ్ల ఉద్గారాల్లో దాదాపు సగం శివారు కాలనీలదే. చిన్న ఫ్లాటు, పక్కింటితో కలిసిన గోడ, నడిచివెళ్లే దూరంలో బస్సు, రైలు ఉంటే ఉద్గారాలు తగ్గుతాయి. అలా బతుకుతున్నవాళ్ల మీదే పన్ను వేస్తామంటే ఎలా?

పొలంగట్టు:
శివార్లు మాత్రం ఎవరివండీ? ఆ కాలనీలు పుట్టిందే నగరం వల్ల. ఆ ఉద్గారాలు కూడా నగరం ఖాతాలోనే పడాలి.

లెక్కలపుస్తకం:
మీరిద్దరూ చెప్పినవి నిజాలే, కాకపోతే వేర్వేరు దేశాల సంగతులు.

ఆదాయాలు తక్కువున్న దేశాల్లో నగరవాసి ఫుట్‌ప్రింటే ఎక్కువ. దానికి అసలు కారణం నగరాల్లో జీతాలు ఎక్కువ కావడం. ఏసీ, సొంత కారు, విమానం టికెట్ కొనగలిగేవాళ్లు ఎక్కువగా నగరాల్లోనే ఉంటారు. ఇటు ప్రపంచంలో 200 కోట్ల మందికి పైగా ఇప్పటికీ కట్టెలు, బొగ్గు, పేడ లాంటివాటితో వండుకుంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనే. వాళ్ల ఫుట్‌ప్రింట్ తక్కువగా ఉందని మనం మెచ్చుకుంటుంటే నాకు బాధేస్తుంది. అది కోరి చేసిన పొదుపు కాదు, లేమి. ఆ పొగ పీల్చేది కూడా వాళ్లే.

సంపన్న దేశాలకు వస్తే కథ మారుతుంది. అక్కడ శివారులోనో పల్లెలోనో ఉండే ఒక మనిషిని తీసుకోండి. ఆఫీసుకు పోను 30 కిలోమీటర్లు, రాను 30. బస్సు లేదు. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే రోజుకు 4 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది (పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు, మిగతా బరువు గాలిలోంచి వచ్చి కలిసే ఆక్సిజన్‌ది). రోజుకు 9.2 కిలోలు, 250 పనిదినాలకు 2.3 టన్నులు. శిలాజ ఇంధనాలవల్ల వచ్చే ఉద్గారాల్లో ప్రపంచ తలసరి సగటు ఏడాదికి 4.7 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అంటే అందులో సగం ఒక్క ఉద్యోగానికి వెళ్లి రావడంతోనే అయిపోయింది. చలి దేశమైతే విడిగా ఉన్న పెద్ద ఇంటిని వెచ్చగా ఉంచే ఖర్చు అదనం.

అలాగని సాంద్రత ఒక్కటే సరిపోదు. ఫిన్లాండ్‌లో హెయినొనెన్, యున్నిల 2011లో ప్రచురించిన అధ్యయనాల్లో, నగరం మధ్యలో ఉండేవారు డ్రైవింగ్‌లో మిగిల్చింది వస్తువులు, సేవల వాడకంలో పోతోందని తేలింది. ఆదాయం పెరిగితే ఫుట్‌ప్రింట్ పెరిగింది, ఎక్కడున్నా సరే. ఐపీసీసీ 2022 నివేదిక ప్రకారం కూడా ప్రపంచంలో ఎక్కువ ఆదాయమున్న 10 శాతం కుటుంబాలదే ఇళ్ల ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతం. కింది సగం జనానిది 13 నుంచి 15 శాతమే. అందుకే నన్నడిగితే ముందు ఆదాయం చూడాలి, తర్వాత దూరం, ఆ తర్వాత ఇంటి సైజు. ఊరా, పట్నమా అన్నది వీటన్నిటి తర్వాతే.

నీలిమబ్బు:
పశువులు, వరి మడుల నుంచి వచ్చే మీథేన్, ఎరువుల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇవి కూడా భూమిని వేడెక్కించే వాయువులే. అవన్నీ పల్లెల్లోనే కదా పుట్టేది?

లెక్కలపుస్తకం:
పుట్టేది అక్కడే, కానీ ఎవరి కోసం? బాగా పాలిచ్చే ఆవు ఏడాదికి 100 కిలోల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ మీథేన్ వదులుతుంది. వందేళ్లలో భూమిని ఎంత వేడెక్కిస్తుందో లెక్కేస్తే మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 27 రెట్లు, అంటే ఆ 100 కిలోలు 2.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆ పాలు నగరానికి వెళ్తే ఆ ఉద్గారాలు తాగినవాళ్ల ఖాతాలో రాయాలి. వ్యక్తి ఫుట్‌ప్రింట్ అంటేనే వినియోగం లెక్క. పండించినవాడి మీద వేసి, మళ్లీ తిన్నవాడి మీదా వేస్తే ఒకే టన్నును రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

రైలుబండి:
సరే, మళ్లీ పన్ను దగ్గరకు వద్దాం. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో పసుపు చొక్కాల ఉద్యమం మొదలైంది ఇంధన పన్ను పెంపు మీదే. కారు తప్ప దారిలేని ఊళ్ల జనం, శివార్ల జనం రోడ్లెక్కారు. డిసెంబరు కల్లా ప్రభుత్వం ఆ పెంపును ఆపేసింది. తర్వాత ఆస్ట్రియా మరో దారి పట్టింది. పన్ను అందరికీ ఒకటే, కానీ తిరిగిచ్చే డబ్బు ఉన్న చోటును బట్టి. 2023లో ప్రజా రవాణా బాగున్న ప్రాంతంలో పెద్దవాళ్లు ఒక్కొక్కరికి 110 యూరోలు ఇస్తే, అది సరిగా అందని ప్రాంతంలో 220 ఇచ్చారు. కెనడా కూడా 2024లో పల్లెవాళ్లకు ఇచ్చే అదనపు రిబేటును (కార్బన్ చార్జీలోంచి తిరిగిచ్చే డబ్బును) 10 నుంచి 20 శాతానికి పెంచింది. మీరడిగిన న్యాయం ఇందులో లేదంటారా?

పొలంగట్టు:
కొంత ఉంది. బస్సు ఉందా లేదా అని చూసి ఇవ్వడం నాకు నచ్చింది. కానీ ఆ రెండు పథకాలూ 2025లో ఆగిపోయాయి కదా! ఆస్ట్రియా ఆ తిరిగిచ్చే బోనస్ తీసేసింది, పన్ను మాత్రం ఉంచింది. కెనడాలో జనం కట్టే కార్బన్ చార్జీయే ఎత్తేశారు. ఇచ్చే డబ్బు ఏ బడ్జెట్‌లోనైనా పోవచ్చు, ఊరికీ ఉద్యోగానికీ మధ్య దూరం పోదు. ఆ పన్ను డబ్బుతో ముందు బస్సు వేయమనండి. అది తిరగడం మొదలయ్యాక కూడా కారులోనే వెళ్తానంటే, నగరంలో ఉన్నవాడు కట్టినంత నన్నూ కట్టమనండి, కడతాను.

నీలిమబ్బు:
బస్సు వేయాలంటే ఎక్కే జనం ఉండాలిగా. నాలుగు ఇళ్లున్న చోటికి దాదాపు ఖాళీ డీజిల్ బస్సు తిప్పితే, తలసరిన కారు కంటే ఎక్కువే కాలుతుంది. అలాంటి ఊళ్లకు ఎలక్ట్రిక్ బండి కొనుక్కోవడానికి సాయం చేయడమే మేలనిపిస్తోంది, అది కూడా ఆదాయం చూసి. దీనిమీద లెక్కలపుస్తకం గారు ఏమంటారు?