లిబ్‌ఈఏవై32 దొరకట్లేదంటే తెచ్చి సిస్టమ్32లో వేయొచ్చా?

చీమకుర్తి కాటా:
అందరికీ నమస్కారం. మా గ్రానైట్ లారీల కాటా ఆఫీసులో పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తదాంట్లో విండోస్ 11 ఉంది. బిల్లింగ్ ప్రోగ్రామ్ ఫోల్డర్‌ని అట్లే కాపీ చేసుకున్నాం. తూకం బాగానే చూపిస్తోంది గానీ, పార్టీకి బిల్లు మెయిల్ కొట్టగానే 'లిబ్‌ఈఏవై32.డీఎల్ఎల్ దొరకలేదు' అని ఆగిపోతోంది. ఆ ఒక్క ఫైలు దించుకుని సిస్టమ్32లో (విండోస్ సొంత ఫైళ్లుండే ఫోల్డర్) వేస్తే చాలని కొందరు, ఆ ఫైలు ఏ సెక్యూరిటీ లైబ్రరీదో ఆ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మొత్తం ఇన్‌స్టాల్ చేయమని ఇంకొందరు చెప్తున్నారు. ఏది చేయమంటారు? బయట లారీలు నిలబడి ఉంటే ఈ టెన్షన్ పడలేకున్నా.

నెల్లూరు సర్వీస్:
అన్నా, ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కి రెడీమేడ్ ఇన్‌స్టాలర్ దొరుకుతుంది, అది వేసేయండి. డీఎల్ఎల్‌లు, అంటే ప్రోగ్రామ్‌లు వాడుకునే లైబ్రరీ ఫైళ్లు, ఎక్కడ పెట్టాలని మధ్యలో అడుగుతుంది. విండోస్ సిస్టమ్ డైరెక్టరీ అని ఎంచుకోండి. ట్రంక్ రోడ్డులో షాపులకు నేను ఇట్లే చేస్తాను. దీనికి కారణం ఉంది. రేపు ఏదన్నా సెక్యూరిటీ లోపం బయటపడితే ఒక్క చోట ఫైలు మారిస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్‌కొక కాపీ పెట్టుకుంటూ పోతే ఏ ఫోల్డర్‌లో ఎన్నేళ్ల నాటి ఫైలు ఉందో ఎవరు వెతుకుతారు? 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు అసలు తలనొప్పి అదే కదా.

కావలి ప్రోగ్రామర్:
హార్ట్‌బ్లీడ్ గురించి మీరు చెప్పింది నిజం. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెర్షన్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా ఏ కాపీ ఎక్కడున్నా మార్చాల్సి వచ్చింది. కానీ విండోస్‌లో మీ పద్ధతి ఆ పని చేయదు. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు విండోస్ ముందు ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే డీఎల్ఎల్ కోసం చూస్తుంది. అక్కడ లేకపోతేనే సిస్టమ్ ఫోల్డర్‌కి వెళ్తుంది. సొంత కాపీ ఉన్న ప్రోగ్రామ్‌లు మీరు సిస్టమ్32లో పెట్టిన కొత్త ఫైలును ముట్టుకోనే ముట్టుకోవు. పైగా అక్కడ పెట్టినదాన్ని విండోస్ అప్‌డేట్ మార్చదు, ఎందుకంటే అది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫైలు కాదు. లైనక్స్‌లో అయితే ప్యాకేజీ మేనేజర్ అనే అప్‌డేట్ ప్రోగ్రామ్ ఆ బాధ్యత తీసుకుంటుంది. ఇక్కడ మీరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాక ఆ ఫైలు గురించి పట్టించుకునేదెవరు?

కాటా వారి సంగతికొస్తే, కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎంత ఇన్‌స్టాల్ చేసినా ఈ ఎర్రర్ పోదు. 2016లో 1.1.0 వచ్చినప్పుడే ఫైళ్ల పేర్లు లిబ్‌క్రిప్టో, లిబ్‌ఎస్ఎస్ఎల్ అని మారాయి. లిబ్‌ఈఏవై32 అడుగుతోందంటే ఆ ప్రోగ్రామ్ 1.0.2 లేదా అంతకన్నా పాతదాని కోసం తయారైంది. 1.0.2కి మామూలు వాళ్లకిచ్చే సపోర్ట్ 2019 డిసెంబర్‌తో ఆగిపోయింది. కొత్త ఫైలుకి పాత పేరు పెట్టి మోసం చేద్దామన్నా కుదరదు, లోపలి ఫంక్షన్లు వేరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 0.9.8కీ 1.0.2కీ ఫైలు పేరు ఒకటే. మెయిల్ పంపేటప్పుడు డేటాని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ పద్ధతిలో 1.2 వెర్షన్ మాత్రం ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచే ఉంది. ఇప్పటి మెయిల్ సర్వర్లు అంతకన్నా పాతవాటితో మాట్లాడటం చాలావరకు మానేశాయి. అంటే ఫైలు దొరికి ఎర్రర్ పోయినా మెయిల్ వెళ్లకపోవచ్చు. పాత హార్డ్ డిస్క్ ఉంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూసి వెర్షన్ చెప్పండి. డీఎల్ఎల్‌లు విడివిడిగా పంచే సైట్ల నుంచి మాత్రం దయచేసి ఏదీ దించొద్దు. మీ మెయిల్ పాస్‌వర్డ్ ఆ ఫైలు గుండానే పోతుంది.

ఒంగోలు ఇంజినీరింగ్ స్టూడెంట్:
ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్రాజెక్టు వాళ్లు సోర్స్ కోడ్ మాత్రమే ఇస్తారు. విండోస్ ఇన్‌స్టాలర్లన్నీ బయటివాళ్లు చేసినవే. కాబట్టి పెర్ల్, నాస్మ్, విజువల్ స్టూడియో అనే టూల్స్ పెట్టుకుని ఆ కోడ్‌ని మనమే కంపైల్ చేసి డీఎల్ఎల్‌లు తయారుచేసుకోవడం మంచిది కదా?

కావలి ప్రోగ్రామర్:
నేర్చుకోవడానికి తప్పకుండా చేయి తమ్ముడూ. సెక్యూరిటీ సర్టిఫికెట్లు చేసుకోవడానికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కమాండ్ ఒక్కటే కావాలంటే, ప్రోగ్రామర్లు వాడే గిట్ ఫర్ విండోస్‌తో పాటు వస్తుంది, వేరే ఏమీ అక్కర్లేదు. కాటా ఆఫీసులో కంపైల్ చేయమనడం మాత్రం న్యాయం కాదు.

చీమకుర్తి కాటా:
పాత డిస్క్ తగిలించి చూశాం. ఫైలు సిస్డబ్ల్యూఓడబ్ల్యూ64 అనే ఫోల్డర్‌లో ఉంది. వెర్షన్ 0.9.8 అని చూపిస్తోంది. ప్రోగ్రామ్ చేసిచ్చినాయన ఈ పని మానేశారట.

నెల్లూరు సర్వీస్:
చూశారా, ఆ ఫోల్డర్ 32 బిట్ ఫైళ్లకు, అంటే మీది 32 బిట్ ప్రోగ్రామ్ అన్నమాట. సిస్టమ్32 ఏమో 64 బిట్ ఫైళ్లకు, అక్కడ వేసినా పనిచేసేది కాదు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ కావలి అన్నా, చేసిన మనిషే లేకపోతే అప్‌డేట్ ఎవరిస్తారు? 1.0.2లో చివరి వెర్షన్ ఫైళ్లు తెచ్చి ప్రోగ్రామ్ పక్కన పెడితే టీఎల్ఎస్ 1.2 నడవొచ్చు, కాటా ఆయన పని గడవొచ్చు. ప్రోగ్రామే మార్చమంటే కాటా మెషిన్‌తో కనెక్షన్ కూడా మళ్లీ చేయించాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

కావలి ప్రోగ్రామర్:
ప్రోగ్రామ్ మార్చమనట్లేదు, తూకానికి అదే ఉంచుకోండి. దాంతో మెయిల్ పంపడమే మానేయండి. విండోస్ 11లో ప్రింట్ టు పీడీఎఫ్ ఉంది కదా, బిల్లు పీడీఎఫ్‌గా సేవ్ చేసి బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి పంపండి. బ్రౌజర్‌కి దాని సొంత సెక్యూరిటీ లైబ్రరీ ఉంటుంది, బ్రౌజర్ అప్‌డేట్‌తో పాటే అదీ మారుతుంది. ఆ పాత ప్రోగ్రామ్‌లో దాచిన మెయిల్ పాస్‌వర్డ్ తీసేసి, మెయిల్ అకౌంట్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి.

నెల్లూరు సర్వీస్:
లారీకి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రద్దీ లేని కాటాకైతే సరే. రోజంతా లారీలు వచ్చే చోట నేను 1.0.2 ఫైలు పక్కన పెట్టే దారే చెప్తాను.

చీమకుర్తి కాటా:
మాకు సాయంత్రాలే రద్దీ. పీడీఎఫ్ దారి రేపటి నుంచి మొదలుపెడతాం. సాయంత్రం కుర్రాడు ఎట్లా నెట్టుకొస్తాడో చూసి రాస్తాను.