డింపుల్ అంటే బుగ్గ సొట్టేనా?

ప్రశ్న:
మా పాపకు రెండో నెల. మొన్న టీకాకు తీసుకెళ్తే డాక్టర్ గారు కార్డులో "సేక్రల్ డింపుల్" అని రాశారు. నడుము కింద, పిరుదుల మధ్య గీత మొదలయ్యే చోట చిన్న గుంట ఉంది. డింపుల్ అంటే నాకు తెలిసింది బుగ్గ సొట్టే కాబట్టి పట్టించుకోలేదు. నిన్న ఏదో చదువుతుంటే, రొమ్ము మీద డింపుల్ పడితే వెంటనే చూపించుకోవాలని ఉంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఒకచోట అందం అనుకునేది ఇంకోచోట జబ్బు ఎలా అవుతుంది?

జవాబు (పిల్లల వార్డు నర్సు):
కంగారు పడకండమ్మా. చర్మం లోపలికి నొక్కుకున్నట్టు ఎక్కడ కనిపించినా డింపుల్ అనే రాస్తాం. కారణం చోటును బట్టి మారుతుంది.

నవ్వినప్పుడు నోటి మూలను పైకి లాగే కండరం కొందరికి రెండు పాయలుగా ఉంటుంది. ఒక పాయ చర్మానికి అతుక్కుని ఉంటే నవ్వగానే అక్కడ సొట్ట పడుతుంది. అంతే, దానితో ఏ ఇబ్బందీ లేదు.

రొమ్ము సంగతి వేరు. అక్కడ చర్మాన్ని లోపలికి పట్టి ఉంచే సన్నని పోగులు ఉంటాయి. లోపల గడ్డ పెరిగి వాటిని లాగితే పైన గుంట పడుతుంది, ఒక్కోసారి చేతులు పైకెత్తితే గానీ కనబడదు. వేరే కారణాలతో కూడా రావచ్చు. కానీ కొత్తగా వచ్చిందంటే, నొప్పి లేకపోయినా సరే, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

మీ పాపది పుట్టుకతో వచ్చిన గుంట. ఇలాంటివి చాలావరకు ఏ హానీ చేయవు. మంచి వెలుతురులో, చర్మాన్ని మెల్లగా పక్కకు జరిపి చూడండి. గుంట ఒక్కటే ఉండి, సరిగ్గా మధ్యలో ఉండి, వెడల్పు 5 మిల్లీమీటర్ల లోపు, మలద్వారానికి 2.5 సెంటీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా పరీక్షలు అక్కర్లేదు. ఇంకా పైకి ఉన్నా, పెద్దదిగా ఉన్నా, అడుగు కనబడకపోయినా, పక్కన వెంట్రుకల కుచ్చో ఎర్రమచ్చో వాపో ఉన్నా, వెన్నుపాము కింద అతుక్కుని ఉందేమోనని అల్ట్రాసౌండ్ చేయిస్తారు. మొదటి నెలల్లో వెన్నెముక ఇంకా పూర్తిగా గట్టిపడదు కాబట్టి స్కాన్‌లో లోపలంతా బాగా కనబడుతుంది. చేయించాల్సి వస్తే ఇప్పుడే మేలు. తడిగా ఉన్నా, ఏదైనా కారుతున్నా వెంటనే వెళ్ళండి. శుభ్రం చేద్దామని మాత్రం అందులో దూది పుల్ల పెట్టకండి.

ఇంకో జవాబు:
గోల్ఫ్ బంతి మీది గుంటలనూ డింపుల్స్ అనే అంటారు. ఒక్కో బంతికి మామూలుగా 300 నుంచి 500 దాకా ఉంటాయి. వాటివల్ల గాలి బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుని, వెనకాల సుడి తగ్గుతుంది. నున్నటి బంతి దాదాపు సగం దూరమే పోతుంది.

మరో జవాబు:
మా అమ్మకు కాళ్ళు వాచినప్పుడు డాక్టర్ బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. అదీ డింపులేనా?

నర్సు:
కాదండీ, దాన్ని పిట్టింగ్ అంటాం. ఒంట్లో నీరు చేరిందని గుర్తు. గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశానండీ. ఒక్కటే ఉంది, అడుగు కనబడుతోంది, వెంట్రుకలేమీ లేవు. కొలుద్దామంటే పాప ఊరుకోవడం లేదు.

నర్సు:
కొలతతో తంటాలు పడకండి. ఈ వారంలోనే తీసుకెళ్ళి, డైపర్ విప్పి చూపించి, "దీనికి స్కాన్ అవసరమా?" అని నేరుగా అడగండి. ఏం చెప్పినా కార్డులో రాయించుకోండి.