ఏడాది దాటిన తర్వాత మన లైసెన్స్‌తో బండి నడపొచ్చా? తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి

మిర్యాలగూడ 05:
పొద్దున్నుంచి ఇదే పని మీద కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. ఒక చోట నడపొచ్చు అని ఉంది, ఇంకో చోట నడపొద్దు అని ఉంది, వీడియోల్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. నా లైసెన్స్ నల్లగొండ ఆర్టీఏలో తీసుకున్నది, ఇంకా చాలా ఏళ్లు చెల్లుతుంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద లారీల మధ్య నడిపిన చెయ్యి ఇది, నడపడం రాక అడగడం లేదు. ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది. ఇప్పుడు నడపొచ్చా, నడపొద్దా? ఒక దోస్తు ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) తెప్పించుకుంటే ఇంకో ఏడాది నడుస్తుంది అంటున్నాడు. ఇంకొకతను ఒకసారి ఇండియా పోయి వస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది అంటున్నాడు. సోమవారం నుంచి పాపను దింపాలి, వేరే దారి లేదు. బండి కూడా చూసి పెట్టుకున్నా, అమ్మేవాడు అడ్వాన్స్ అడుగుతున్నాడు. సూటిగా చెప్పండి.

కొల్లాపూర్:
ఏ దేశం?

సూర్యాపేట అక్క, టెక్సస్:
లైసెన్స్ సంగతి తర్వాత తమ్మీ, పాపను దింపాలి అన్నావు కదా, పాప వయసెంత, సీటు కొన్నావా? మనవాళ్లు బండి కొనేటప్పుడు పది షోరూములు తిరుగుతారు, పిల్ల సీటు దగ్గరికి వచ్చేసరికి ఎవరో వాడి పడేసింది తెచ్చుకుంటారు. అది ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉన్న సీటా, గడువు తేదీ దాటిందా, ఎవరూ చూడరు. మా టెక్సస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సీటు తప్పనిసరి, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితేనే మినహాయింపు. చిన్నపిల్లలైతే వెనక్కి తిరిగి కూర్చునే సీటులోనే, ఆ సీటుకు రాసి ఉన్న బరువు, ఎత్తు దాటేదాకా ఉంచాలని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెప్తారు. సెలవులకు సూర్యాపేట పోయినప్పుడు కూడా నేను సీటు తీసుకెళ్తాను, శంషాబాద్ నుంచి ఇంటిదాకా అందులోనే. మా అత్తగారు ఒళ్లో కూర్చోబెట్టుకుంటా అంటారు, నేను ఒప్పుకోను. 65వ నంబరు హైవే మీద ఒళ్లో పిల్లను ఎవరు పట్టుకుని ఆపగలరు? మన దగ్గరా 2019 సవరణ చట్టం వచ్చాక 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో సీటో ఉండాలి, లేకపోతే వెయ్యి రూపాయల ఫైన్. ఎవరూ అడగడం లేదు కాబట్టి ఎవరూ పెట్టడం లేదు.

గద్వాల 33:
ఐడీపీ సంగతి నేను చెప్తా. ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు, ఆర్టీఏ ఆఫీసులోనే. ఏడాదికి మించి ఇవ్వరు. ఇంతకుముందు వీసా కావాలి, మెడికల్ సర్టిఫికెట్ కావాలి అని తిప్పేవాళ్లు, 2021 జనవరిలో ఆ రెండూ తీసేశారు. బయట దేశంలో ఉండగా గడువు అయిపోతే ఇండియా రావాల్సిన పని లేదు, అక్కడి మన ఎంబసీ ద్వారా అప్లై చేసుకోవచ్చు. కాబట్టి ఐడీపీ తీసుకో, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకుంటూ పో. టెన్షన్ ఎందుకు?

కొల్లాపూర్:
దేశం చెప్పకుండా ఎవరు ఏం చెప్పినా వృథా.

మిర్యాలగూడ 05:
ఇంగ్లండ్ అన్నా, లెస్టర్ పక్కన. వర్క్ వీసా. పాపకు ఆరేళ్లు. సీటు కొంటానక్కా, ముందు నడపొచ్చో లేదో తేలనీయండి.

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
నడపొద్దు. బండికి అడ్వాన్స్ ఇవ్వకు.
వివరంగా చెప్తా. మన ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ 12 నెలలు నడపొచ్చు, నువ్వు ఇక్కడ రెసిడెంట్ అయిన రోజు నుంచి ఆ లెక్క. ఆ తర్వాత ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్స్) తీసుకుని, థియరీ పాసై, ప్రాక్టికల్ టెస్ట్ పాసై ఇక్కడి లైసెన్స్ తెచ్చుకోవాల్సిందే. కొన్ని దేశాల లైసెన్స్ ఇచ్చేస్తే ఇక్కడిది మార్చి ఇస్తారు, ఆ లిస్టులో ఇండియా లేదు. ఐడీపీ నీ 12 నెలలను పొడిగించదు. ఐడీపీ అంటే మన లైసెన్స్‌కు తోడుగా ఉండే కాగితం, అసలు లైసెన్స్ చెల్లని చోట దానికి విలువ లేదు.

గద్వాల 33:
అన్నా, గవర్నమెంటు సైట్లోనే చూశా, చివరిసారి దేశంలోకి వచ్చిన తేదీ నుంచి 12 నెలలు అని స్పష్టంగా ఉంది. అంటే ఇండియా పోయి వస్తే మళ్లీ ఏడాది వచ్చినట్టే కదా. మా కజిన్ అట్లాగే నడుపుతున్నాడు.

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
నువ్వు చూసింది విజిటర్లకు తమ్మీ. చూడటానికి వచ్చి పోయేవాళ్లకు చివరిగా వచ్చిన తేదీ నుంచి లెక్క. ఇక్కడ ఉంటున్నవాళ్లకు రెసిడెంట్ అయిన తేదీ నుంచి లెక్క, అది ఒక్కసారే మొదలవుతుంది. అద్దె ఇల్లు తీసుకుని, జీతం ఇక్కడే తీసుకుంటూ, పిల్లను ఇక్కడి బడిలో వేసి, సంక్రాంతికి ఊరికి పోయి వచ్చినంత మాత్రాన విజిటర్ ఎట్లా అవుతాడు? మీ కజిన్‌ను ఇంకా ఎవరూ ఆపలేదు, అంతే. ఆపితే లైసెన్స్ ఒక్కటే కాదు, లైసెన్స్ చెల్లనప్పుడు ఇన్సూరెన్స్ కూడా నిలవదు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే 300 పౌండ్లు, లైసెన్స్ మీద ఆరు పెనాల్టీ పాయింట్లు, బండిని అక్కడికక్కడే తీసుకుపోవచ్చు. ఆ పాయింట్లు తర్వాత నువ్వు తెచ్చుకునే లైసెన్స్‌కు అంటుకుంటాయి. ఇవన్నీ ఒకెత్తు, ఎవరికైనా తగిలితే ఆ నష్టమంతా నీ నెత్తి మీద.

గద్వాల 33:
రెసిడెంట్ అంటే పర్మనెంట్ వచ్చినవాళ్లు అనుకుంటారు ఎవరైనా. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు టెంపరరీనే కదా.

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
వీసా రకం వేరు, ఇక్కడ కాపురం ఉండటం వేరు. ఐఎల్‌ఆర్ (ఇక్కడ పర్మనెంట్‌గా ఉండే పర్మిషన్) వచ్చిందా లేదా అని లైసెన్స్ వాళ్లు చూడరు.

నాగర్‌కర్నూల్ 31:
ప్రొవిజనల్ ఇవాళే పెట్టు. 185 రోజులకు తగ్గకుండా ఇక్కడ ఉండే పర్మిషన్ ఉంటే చాలు, ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు. మన దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ లాంటిదే. థియరీకి 23 పౌండ్లు, 50 ప్రశ్నల్లో 43 రావాలి, తర్వాత వీడియో క్లిప్పుల్లో ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో చూసి నొక్కాలి, 75కు 44 రావాలి. థియరీ పాసైతే రెండేళ్లు చెల్లుతుంది. ప్రాక్టికల్ మామూలు రోజుల్లో 62 పౌండ్లు. అసలు బాధ ఫీజు కాదు, స్లాట్ దొరకడం. చాలా ఊళ్లలో నెలల తరబడి ఆగాల్సి వస్తుంది, క్యాన్సిల్ అయిన స్లాట్ల కోసం రోజూ చూస్తుండాలి.
ఒక మాట గట్టిగా చెప్తున్నా, ఆటోమేటిక్ మీద టెస్ట్ ఇయ్యకు. ఆటోమేటిక్‌లో పాసైతే మాన్యువల్ నడపనియ్యరు. మనం గేర్ బండ్ల మీదే నేర్చుకున్నవాళ్లం, చేతిలో ఉన్న విద్యను ఎందుకు వదులుకోవాలి?

సూర్యాపేట అక్క, టెక్సస్:
ఇప్పుడు కొత్తగా వచ్చే బండ్లన్నీ ఆటోమేటిక్, కరెంటు బండ్లే కదా, గేర్ పట్టుకుని ఏం చేస్తాడు?

నాగర్‌కర్నూల్ 31:
అక్కా, ఇక్కడ తక్కువ ధరలో దొరికే పాత బండ్లు ఎక్కువ గేర్‌వే. కొత్త బండి కొనే స్థితిలో ఉంటే ఆయన ఇట్లా అడుగుతాడా? మనవాళ్లు ఫెయిలయ్యేది గేర్ల దగ్గర కాదు, రౌండబౌట్ దగ్గర. కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి, మనం హారన్ కొట్టి దూరే అలవాటులో ఉంటాం. అద్దాలు చూసినట్టు ఎగ్జామినర్‌కు కనపడాలి కూడా. చిన్న తప్పులు 15 దాకా వదిలేస్తారు, పెద్దది ఒక్కటి చేస్తే అక్కడితో అయిపోయింది. పదిహేనేళ్లు నడిపిన అనుభవం ఉన్నా కనీసం కొన్ని క్లాసులు తీసుకో, మన అలవాట్లు మనకు కనపడవు.

హాలియా:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా మామగారు విజిట్ వీసా మీద వస్తున్నారు, హాలియాలో ఇప్పటికీ ఆయనే నడుపుకుంటారు. మరి ఆయన నడపొచ్చా?

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
నడపొచ్చు, ఆయన నిజంగానే విజిటర్. లైసెన్స్ గడువు చూసుకోండి. మీ బండి ఇన్సూరెన్స్‌లో ఆయన పేరు చేర్చిన తర్వాతే తాళం ఇవ్వండి. పెద్ద వయసు, ఇండియా లైసెన్స్ అంటే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఎక్కువ అడుగుతాయి.

వనపర్తి చెల్లె, నాటింగ్‌హామ్:
అన్నా, మీరందరూ లైసెన్స్ దగ్గరే ఆగిపోయారు. మిర్యాలగూడ అన్నా, పాపను దింపాల్సింది బడికేనా? బడి ఎంత దూరం? దగ్గర్లో బడి ఉండి కూడా మీరే దూరం బడి కోరుకున్నారా, లేక దగ్గర బడిలో సీటు లేదన్నారా? ఈ ఒక్క మాట మీద చాలా ఆధారపడి ఉంది, అందుకే అడుగుతున్నా.

మిర్యాలగూడ 05:
బడికే. మొన్ననే ఇల్లు మారాం, పాత బడికి ఇక్కడి నుంచి బస్సు లేదు. కొత్త ఇంటి దగ్గర రెండు బడులు ఉన్నాయి, రెండింట్లోనూ సీటు లేదన్నారు, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు ఇంకో బడిలో ఇచ్చారు. బండి మీద పోతే రెండున్నర మైళ్లు చూపిస్తోంది. నాది వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. మా ఆవిడది కేర్ హోమ్‌లో పొద్దున ఏడింటి డ్యూటీ. ఇంట్లో రెండేళ్ల బాబు కూడా ఉన్నాడు, పక్కింటి ఆమె చూస్తుంది. నేను వచ్చి పాపను దింపితేనే పని జరుగుతుంది. అందుకే బండి.

వనపర్తి చెల్లె, నాటింగ్‌హామ్:
అయితే ముందు కౌన్సిల్‌కు స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ అప్లికేషన్ పెట్టండి. ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, సీటు దొరికే బడుల్లో అన్నిటికన్నా దగ్గరిది కూడా రెండు మైళ్లకు మించి ఉంటే, ఉచితంగా తీసుకెళ్లే ఏర్పాటు కౌన్సిల్ చేయాలి. ఎనిమిది దాటితే మూడు మైళ్లు. మీరే ఇష్టపడి దూరం బడి ఎంచుకుంటే ఇది రాదు, సీటు లేక వాళ్లే పంపితే వస్తుంది. దగ్గర బడుల్లో సీటు లేదన్న మెయిల్ ఉందా? అది దాచిపెట్టండి, అప్లికేషన్‌కు జత చేయాలి. చిన్న తరగతుల్లో 30 మందికి మించి తీసుకోకూడదని ఇక్కడ చట్టమే ఉంది, అందుకే ఎంత బతిమిలాడినా ఒక్క సీటు పెంచరు. అయినా ఆ రెండు బడుల వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి, ఎవరో ఒకరు ఇల్లు మారుతూనే ఉంటారు.
ఒక చిక్కు ఉంది. దూరం బండి దారిలో కొలవరు, పెద్దవాళ్లు తోడుండగా పిల్ల క్షేమంగా నడిచిపోగలిగే దారుల్లో దగ్గరి దారిలో కొలుస్తారు. పార్కులోంచి అడ్డదారి ఉంటే మీ రెండున్నర మైళ్లు రెండు లోపలికి రావచ్చు. ఫోన్‌లో నడక దారి పెట్టి చూడండి. తక్కువ వస్తే ఆ దారి నడిచి చూడండి, తోడు ఉన్నా నడవలేనట్టు ఫుట్‌పాత్ లేని పెద్ద రోడ్డు ఉంటే ఫోటోలు తీసి అదే రాయండి.

సూర్యాపేట అక్క, టెక్సస్:
చెల్లె, వర్క్ వీసా మీద ఉండి గవర్నమెంటు ఉచితం తీసుకుంటే రేపు రెన్యువల్‌కు ఇబ్బంది రాదా? అట్లాంటివి ముట్టుకోవద్దని అందరూ చెప్తారు.

వనపర్తి చెల్లె, నాటింగ్‌హామ్:
రాదక్కా. వీసా మీద రాసి ఉండే పబ్లిక్ ఫండ్స్ అంటే యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ లాంటి గవర్నమెంటు డబ్బు సాయాలు, కౌన్సిల్ ఇళ్లు లాంటివి, వాటికి లిస్టు ఉంది. బడి చదువు, బడికి ఈ ట్రాన్స్‌పోర్ట్ అందులో లేవు. ఇంగ్లండ్‌లో ఇయర్ 2 అనే తరగతి దాకా బడిలో మధ్యాహ్నం భోజనం కూడా అందరి పిల్లలకూ ఉచితమే. మనవాళ్లు ఈ భయంతోనే హక్కుగా వచ్చేవి కూడా వదులుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది.
ట్యాక్సీ పంపుతారా, మినీ బస్సా, పాసా అన్నది కౌన్సిల్ ఇష్టం. సోమవారానికి తేలదు, కొన్ని వారాలు పట్టొచ్చు. అందాకా బడిలో బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ (బడి మొదలవ్వకముందే పిల్లలను చూసుకునేది) ఉందా, ఎన్నింటికి తీసుకుంటారు అని అడగండి.

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
అందాకా ట్యాక్సీ పెట్టుకుంటే పాపను వెనక సీట్లో బెల్టుతో కూర్చోబెట్టు. ట్యాక్సీలో పిల్ల సీటు లేకపోతే మూడేళ్లు దాటినవాళ్లకు పెద్దవాళ్ల బెల్టు పెట్టొచ్చు. సొంత బండి వచ్చినప్పుడు మాత్రం 12 ఏళ్లో, 135 సెంటీమీటర్లో, ఏది ముందు వస్తే అక్కడిదాకా సీటు ఉండాల్సిందే.

కొల్లాపూర్:
రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పిల్లను ఎక్కించుకుని నడపొద్దు. లైసెన్స్ వచ్చాక కూడా.

నాగర్‌కర్నూల్ 31:
ఇది నిజం. మా దగ్గర నైట్ చేసేవాళ్లు చాలామంది అట్లాగే నడుపుతారు, సిగ్నల్ దగ్గర కళ్లు మూతలు పడుతుంటాయి. లైసెన్స్ వచ్చాక కూడా పొద్దున ఇంటికి రాగానే కునుకు తీసి, పాపను మధ్యాహ్నం తెచ్చుకోవడానికి బండి వాడుకో.

మిర్యాలగూడ 05:
నడక దారిలో 2.2 మైళ్లు చూపిస్తోంది. అప్లికేషన్ పెడుతున్నా. ప్రొవిజనల్‌కు కూడా పెట్టేశా. బండి వద్దని చెప్పేశా. డ్యూటీకి టైమ్ అయింది, థాంక్స్ అందరికీ.

గద్వాల 33:
మరి మా కజిన్‌కు ఇప్పుడు ఏం చెప్పాలి? రెండోసారి ఇండియా పోయి వచ్చి కూడా ఆరు నెలలైంది, ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు తీసుకుంటూనే ఉన్నారు కదా.

దేవరకొండ, బర్మింగ్‌హామ్:
డబ్బు తీసుకుంటారు, క్లెయిమ్ రోజున అన్నీ చూస్తారు. బండి పక్కన పెట్టి ప్రొవిజనల్ తీసుకోమను. ఆ తర్వాత కూడా ఒక్కడే నడపడం కాదు, ఎల్ బోర్డు పెట్టాలి, 21 ఏళ్లు దాటి, మూడేళ్లుగా ఇక్కడ చెల్లే ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్లు పక్కన ఉండాలి. పక్కన కూర్చున్న దోస్తుకు ఇండియా లైసెన్స్ ఉంటే అది లెక్కలోకి రాదు.

జడ్చర్ల, మ్యూనిక్:
జర్మనీలో కూడా ఇట్లాగే ఏడాదేనా? ఇక్కడ ఆరు నెలలు అంటున్నారు. ఎవరికైనా తెలుసా?