శిబిరాలకు పాలపొడి డబ్బాలు పంపడం తప్పా?

నీలిమేఘం:
వరద బాధితుల శిబిరానికి పంపడానికి మా మిత్రులంతా కలిసి సామాన్లు పోగుచేస్తున్నాం. పసిపిల్లల కోసమని నలభై పాలపొడి డబ్బాలు, డజను పాలసీసాలు వచ్చాయి. ఫోన్ చేసి అడిగితే శిబిరం వాళ్లు "దుప్పట్లు పంపండి, పాలపొడి మాత్రం వద్దు" అన్నారు. ఆకలికి ఏడ్చే పసివాడికి పాలు వద్దనడం ఏం న్యాయం? నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గోరింట:
నేను నర్సుని. నీలిమేఘం గారూ, వద్దన్నవాళ్లు పిల్లల మంచికే వద్దన్నారు.

ఒకప్పుడు ఇలాంటి శిబిరంలోనే రెండు వారాలు పనిచేశాను. అక్కడ ఒక తల్లి, మూడు నెలల పాప. అప్పటిదాకా పాప తల్లిపాలే తాగేది. ఎవరో లారీలోంచి ఒక డబ్బా, ఒక సీసా ఆమె చేతిలో పెట్టి వెళ్లారు. కట్టెలన్నీ తడిసిపోయాయి, నీళ్లు కాచే దారి లేదు. ట్యాంకర్ నీళ్లతోనే సీసా కడిగింది, ఆ నీళ్లలోనే పొడి కలిపింది. డబ్బా మీది రాతలు ఆమెకు రాని భాషలో ఉన్నాయి. ఎక్కువ రోజులు రావాలని పలచగా కలిపింది. నేను చూసేసరికి పాలపీక లోపల పాత పాలు పసుపు పచ్చగా గట్టిపడి ఉన్నాయి. పాపకి మూడు రోజులుగా విరేచనాలు. కళ్లు లోతుకుపోయాయి, మాడు గుంటపడింది, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. ఓఆర్‌ఎస్ పడుతూ ఆసుపత్రికి పంపాం. బతికింది. ఆ పాలపీక మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

పాలపొడిలో క్రిములు అసలే ఉండవనుకోకండి. కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది. రోజుకు ఆరేడుసార్లు, అదీ గుడారంలో, ఎలా కుదురుతుంది?

తెల్లకాగితం:
గోరింట గారు చూసింది ఒక్క శిబిరం సంగతి కాదు. 2006 మేలో ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో భూకంపం వచ్చాక పాలపొడి విరాళాలు వెల్లువెత్తాయి. తర్వాత సర్వే చేస్తే, విరాళంగా పాలపొడి అందుకున్న పిల్లల్లో విరేచనాలు పట్టుకున్నవాళ్లు 25 శాతం, అందుకోని పిల్లల్లో 11 శాతం పైచిలుకు. అంటే రెట్టింపు పైనే.

అదే ఏడాది ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో భారీ వర్షాలకు నీళ్లు కలుషితమయ్యాయి. హెచ్‌ఐవీ ఉన్న తల్లుల నుంచి బిడ్డలకు సోకకూడదని అక్కడి ప్రభుత్వం అప్పటికే ఉచితంగా పాలపొడి ఇచ్చేది. విరేచనాలతో వందలమంది చిన్నపిల్లలు చనిపోయారు. తల్లిపాలు తాగని పసివాళ్లకే ముప్పు చాలా ఎక్కువని తేలింది. మంచి ఉద్దేశంతో, పద్ధతి ప్రకారం నడిచిన పథకంలోనే ఇలా జరిగింది.

పాలపొడి అమ్మకాల ప్రచారానికి హద్దులు పెడుతూ 1981లో అంతర్జాతీయ నియమావళి వచ్చింది. విపత్తుల్లో ఇలాంటి విరాళాల విషయంలో అత్యంత జాగ్రత్తగా ఉండాలని 1994లో డబ్ల్యూహెచ్‌ఓ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది.

ఇద్దరి నాన్న:
లెక్కలు చదివాను. నా లెక్క కూడా వినండి. మేం ఇల్లు వదిలి శిబిరానికి చేరేసరికి మా చిన్నవాడికి రెండు నెలలు. మా ఆవిడ వాడే మందుల వల్ల పాలివ్వకూడదని డాక్టర్ ముందే చెప్పారు, పుట్టినప్పటి నుంచి వాడికి డబ్బా పాలే. శిబిరంలో అడిగితే "తల్లిపాలను మించినవి లేవమ్మా, పట్టండి" అన్నారు. పదిమంది నిలబడ్డ వరుసలో మా ఆవిడ తన జబ్బు సంగతి చెప్పుకోవాల్సి వచ్చింది. చెప్పాక కూడా డబ్బా చేతికి రావడానికి సాయంత్రం అయింది. అప్పటిదాకా వాడికి పంచదార నీళ్లు పట్టాం. అది తప్పని నాకూ తెలుసు. ఇంకేం చేయాలి? మీ నియమం మావాడి లాంటి పిల్లల్ని చూడలేదు.

గోరింట:
అన్నా, అక్కడ జరిగింది తప్పే. అందులో వాదించడానికి ఏమీ లేదు. కానీ ఆ తప్పు నియమంలో లేదు, దాన్ని సగమే చదివినవాళ్లలో ఉంది. అత్యవసర పరిస్థితుల్లో శిశుపోషణ మార్గదర్శకాలు పాలపొడి వద్దనవు, విరాళంగా తీసుకోవద్దంటాయి. అవసరమైన బిడ్డల్ని గుర్తించి, వాళ్లకి సరిపడా కొని ఇవ్వాలంటాయి. తల్లి లేని బిడ్డలు, మీవాడిలా ముందునుంచీ డబ్బా పాలు తాగే పిల్లలు అలాంటివాళ్లే. సీసాతో కాకుండా గిన్నెతో పట్టమంటాయి, ఎందుకంటే ఉగ్గుగిన్నె లాంటిదైతే కడగడం తేలిక, మురికి దాక్కునే మూలలుండవు.

ఇంకో సంగతి. మొదటి ఆరు నెలలకి ఒక బిడ్డకు దాదాపు 20 కిలోల పొడి కావాలి. లారీలోంచి అందే రెండు డబ్బాలు వారానికి మించి రావు. ఆ వారంలో బిడ్డ చీకడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. తర్వాత డబ్బా ఉండదు, పాలూ ఉండవు.

పాలపిట్ట:
కానీ భయానికి, తిండి లేకపోవడానికి తల్లికి పాలు ఎండిపోతాయి కదా? మా అమ్మమ్మ కూడా అదే అనేది.

గోరింట:
చాలామంది అలాగే నమ్ముతారమ్మా. భయంలో ఉన్న తల్లికి పాలు దిగడం కాసేపు ఆలస్యమవుతుంది, తయారవడం ఆగదు. బిడ్డని మాటిమాటికీ రొమ్ముకి పట్టిస్తే దారికొస్తుంది. ఆగిపోయిన పాలని కూడా సాయం ఉంటే రోజుల్లో, కొందరికి వారాల్లో, మళ్లీ తెప్పించవచ్చు. తిండి తక్కువైన తల్లికి తిండి పెట్టాలి. ఆవిడకి నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టడం, చాటున కూర్చుని పాలిచ్చుకునే చోటు చూపించడం డబ్బా కన్నా చవక.

ఇద్దరి నాన్న:
మీరు చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. గుర్తించడానికి రెండు రోజులు పడితే రెండు నెలల బిడ్డ ఆగలేడు. శిబిరం తెరిచిన మొదటి గంటలోనే కొంత నిల్వ, నీళ్లు కాచే పొయ్యి, అడిగినవాళ్లతో విడిగా మాట్లాడే మనిషి ఉండాలి. అవి లేకుండా "వద్దు" అనే బోర్డు ఒక్కటే పెడితే నేను ఒప్పుకోను.

గోరింట:
అది నూటికి నూరుపాళ్లు నిజం. చాలాచోట్ల ఆ మనిషే ఉండరు.

నీలిమేఘం:
మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి "వద్దంటే మరి డబ్బా పాలు తాగే పిల్లలకి ఏం చేస్తున్నారు?" అని అడిగాను. అలాంటి పిల్లలు ఆరుగురున్నారట, పాలపొడి వాళ్లే కొని ఇస్తున్నారట. కాచుకోవడానికి గ్యాస్ పొయ్యి, మూత ఉన్న గిన్నెలు లేవన్నారు. డబ్బాలు రేపు దుకాణంలో వెనక్కిచ్చేసి ఆ డబ్బుతో అవి కొంటాం. సీసాలు పంపడం లేదు.